తొడ కండరం తెగాకే బాలన్ డోర్

ఫుట్‌బాల్ స్ట్రైకర్ మైకేల్ ఓవెన్ గురించి ఇంగ్లండ్ అభిమానులు చెప్పుకునే కథ ఒకటుంది. పద్దెనిమిదేళ్లకే ప్రపంచకప్‌లో మెరిశాడు. ఇరవై రెండేళ్లకు, ఆ ఏటి మేటి ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు. 2004లో లివర్‌పూల్‌ను వదిలి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు, అక్కడితో పని అయిపోయింది. కొందరు దీనికి గుర్రాల పిచ్చిని కలుపుతారు. లివర్‌పూల్ వాళ్లయితే చివర్లో తమ బద్ధ ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీ వేసుకున్న పాపాన్ని కూడా కలుపుతారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ తేదీలు పొసగవు.

ఓవెన్ ఆటను మార్చేసిన రోజు 1999 ఏప్రిల్ 12. లీడ్స్‌తో ఎల్లండ్ రోడ్ మైదానంలో మ్యాచ్. బంతి కోసం పరుగు తీస్తుండగా కుడి తొడ వెనక కండరం తెగింది. అప్పటికి అతని వయసు పంతొమ్మిదేళ్ల నాలుగు నెలలు. బాలన్ డోర్ వచ్చింది 2001 డిసెంబరులో. అంటే ఆ బహుమతి గెలిచినవాడు 1998లో ప్రపంచం చూసిన ఓవెన్ కాదు. కాలి వేగం కొంత పోగొట్టుకుని, మిగిలిన దానితో ఎలా నెట్టుకురావాలో నేర్చుకున్న రెండో ఓవెన్. అతని కెరీర్‌ను అంచనా వేసేటప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి ఇదే.

మొదటి ఓవెన్ ఎలాంటివాడో చెప్పాలంటే ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్‌కు వెళ్లాలి. 1998 జూన్ 30 రాత్రి, ప్రపంచకప్ ప్రీ క్వార్టర్స్, ఎదురుగా అర్జెంటీనా. మన దగ్గర అప్పటికే అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఆరో నిమిషంలో బటిస్టుటా పెనాల్టీతో అర్జెంటీనా ముందుకెళ్లింది. కాసేపటికే ఓవెన్ పెనాల్టీ బాక్సులో పడిపోవడంతో ఇంగ్లండ్‌కూ పెనాల్టీ దక్కింది, అలన్ షియరర్ స్కోరు సమం చేశాడు. ఇక పదహారో నిమిషం. మైదానం మధ్యలో ఉండగా బెక్‌హామ్ పాస్ ఇచ్చాడు. ఓవెన్ పరుగు ఆపలేదు. కుడి పాదం బయటి అంచుతో బంతిని తాకి తన ముందుకే వేసుకున్నాడు. పక్కన డిఫెండర్ చామో ఉన్నాడు, భుజం అడ్డం పెట్టి ఆపబోయాడు, తేలిపోయాడు. ముందు ఇంకో డిఫెండర్ అయాలా వెనక్కి అడుగులు వేస్తున్నాడు. వెనక్కి నడిచే మనిషి ముందుకు ఉరికే మనిషిని ఆపడం కష్టం. ఓవెన్ కొంచెం కుడికి జరిగి అతన్ని దాటేశాడు. కుడివైపు నుంచి పాల్ స్కోల్స్ బంతి కోసం వచ్చేస్తున్నాడు. ఓవెన్ అతనికి వదల్లేదు, గోల్‌కీపర్ రోవా మీదుగా అవతలి మూలకు పైకి కొట్టాడు.

ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఓడింది. బెక్‌హామ్‌కు రెడ్ కార్డ్, ఎక్స్‌ట్రా టైమ్, చివరికి పెనాల్టీ షూటౌట్ అన్నీ అయ్యాయి. ఆ షూటౌట్‌లో ఓవెన్ తన పెనాల్టీని గోల్ చేశాడు, ఇన్స్, బాటీ చెయ్యలేకపోయారు. కానీ మ్యాచ్ గురించి ఎవరు మాట్లాడినా ముందు ఆ పరుగే వస్తుంది. అందులో మాయలేమీ లేవు, బంతిని తాకింది కూడా కొద్దిసార్లే. ఉన్నదల్లా వేగం, ఆ వేగంలో కూడా బుర్ర చల్లగా ఉండడం. మొదటిది కండరాల్లో ఉంటుంది, రెండోది తలలో. తరువాతి పదిహేనేళ్లలో మొదటిది కొంచెం కొంచెంగా కరిగిపోయింది, రెండోది చివరిదాకా ఉంది.

కుర్రాడు ఆకాశం నుంచి ఊడిపడలేదు. పుట్టింది చెస్టర్‌లో, 1979 డిసెంబరు 14న. తండ్రి టెర్రీ ఓవెన్ ఎవర్టన్, చెస్టర్ లాంటి క్లబ్బులకు ఆడిన ప్రొఫెషనల్. లిల్లెషాల్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) నడిపిన స్కూల్లో చదివాడు. 1996లో లివర్‌పూల్ కుర్రాళ్ల జట్టు ఎఫ్‌ఏ యూత్ కప్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. మరుసటి ఏడాది మే నెలలో వింబుల్డన్ క్లబ్బు మీద సీనియర్ జట్టులోకి వచ్చాడు, వచ్చిన రోజే గోల్ కొట్టాడు. 1998 ఫిబ్రవరిలో చిలీ మీద ఇంగ్లండ్ తరఫున దిగాడు. ఇరవయ్యో శతాబ్దంలో అంత చిన్న వయసులో ఇంగ్లండ్ జట్టుకు ఆడినవాడు అప్పటికి ఇంకొకడు లేడు.

ఇక్కడే లెక్క మొదలవుతుంది. 1997-98లో లివర్‌పూల్‌కు లీగ్‌లోనే 36 మ్యాచ్‌లు ఆడాడు. 18 గోల్స్‌తో లీగ్‌లో టాప్ స్కోరర్లలో ఒకడయ్యాడు. ఆ వెంటనే ప్రపంచకప్. అది ముగిసి ఊపిరి తీసుకునేలోగా కొత్త సీజన్, అందులో మళ్లీ 30 లీగ్ మ్యాచ్‌లు, మళ్లీ 18 గోల్స్, మళ్లీ టాప్ స్కోరర్లలో ఒకడు. కప్పు మ్యాచ్‌లు, యూరప్ మ్యాచ్‌లు దీనికి అదనం. ఎముకలు, కండరాలు ఇంకా కుదురుకుంటున్న వయసు. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే, గంటకు 145 కిలోమీటర్లు వేసే పంతొమ్మిదేళ్ల ఫాస్ట్ బౌలర్‌ను దొరికాడు కదా అని టెస్టులు, వన్డేలు అన్నీ ఆడించినట్టు. ఇప్పుడైతే ఆటగాళ్ల వీపుకి జీపీఎస్ పరికరం కట్టి, ఎన్నిసార్లు పూర్తి వేగంతో ఉరికాడో లెక్కపెట్టి, ఎక్కువైతే బెంచ్ మీద కూర్చోబెడతారు. అప్పట్లో ఆ లెక్క చూసేవాళ్లు లేరు. బాగా ఆడుతున్నాడు, కాబట్టి ఆడాలి, అంతే.

తొడ వెనక భాగంలో మూడు కండరాలుంటాయి. మూడింటినీ కలిపి హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు కాలు ముందుకు దూసుకెళ్తుంది కదా, పాదం నేలను తాకబోయే ముందు ఆ కాలికి బ్రేక్ వేసేది ఈ కండరాలే. ఒక పక్క సాగుతూ, ఇంకో పక్క బిగపట్టాలి. తాడును రెండువైపులా లాగినట్టే. ఎంత వేగంగా పరిగెత్తితే అంత గట్టిగా బ్రేక్ వెయ్యాలి, కాబట్టి వేగంగా పరిగెత్తేవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ. ఓవెన్‌కు ఆ రోజు ఒక కండరం పూర్తిగా తెగింది. ఆపరేషన్ చేసి దాన్ని మళ్లీ అతికించలేదు. అక్కడి నుంచి కుడికాలికి రెండు, ఎడమకాలికి మూడు హ్యామ్‌స్ట్రింగ్‌లతో పరిగెత్తానని తరువాతి కాలంలో అతనే చెప్పుకున్నాడు. బండి చక్రాలు రెండూ ఒకే సైజు కాకపోతే ఇరుసు ఎలా అరుగుతుందో చెప్పక్కర్లేదు. ఆ తరువాత అతని దేహంలో ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పట్టేస్తూనే వచ్చింది.

మరి గోల్స్ తగ్గాయా? ఈ లెక్క చాలామందికి ఆశ్చర్యంగా అనిపిస్తుంది. లివర్‌పూల్‌కు ఆడిన లీగ్ మ్యాచ్‌లను ఆ గాయం దగ్గర రెండుగా విడదీసి చూడొచ్చు. లీడ్స్ మ్యాచ్ వరకు 68 ఆడి 37 కొట్టాడు. గాయం తరువాత అదే క్లబ్బులో మరో ఐదు సీజన్లలో 148 ఆడి 81 కొట్టాడు. సగటు తీస్తే మొదటిది మ్యాచ్‌కు 0.544, రెండోది 0.547. తేడా లేదు. బరిలోకి దిగితే గోల్ కొట్టే అలవాటు అలాగే ఉంది, తగ్గింది దిగడం. ఆ ఐదు సీజన్లలో లివర్‌పూల్ ఆడిన లీగ్ మ్యాచ్‌లు 190, అందులో 42కి ఓవెన్ లేడు.

సగటు అలాగే ఉండడం తనంతట తాను జరిగింది కాదు. 1998 నాటి ఓవెన్ కుడికాలి ఆటగాడు. గాయం నుంచి తిరిగొచ్చాక ఎడమకాలు, తల కూడా పనిలోకి వచ్చాయి. కొత్త కోచ్ జెరార్ హూలియే స్ట్రైకర్లను మార్చి మార్చి ఆడించేవాడు. అది ఓవెన్‌కు నచ్చి ఉండకపోవచ్చు కానీ అతని కాళ్లకు మంచే చేసింది.

2001 మే 12న కార్డిఫ్‌లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఈ మార్పుకు రుజువు. వెంబ్లీని కూలగొట్టి మళ్లీ కట్టే రోజులు కాబట్టి ఫైనల్స్ వేల్స్‌కు వెళ్లాయి. ఆట మొత్తం ఆర్సెనల్‌దే. 72వ నిమిషంలో యూంబెర్గ్ గోల్‌తో స్కోరు 1-0. ఇంకో రెండు మూడు పడాల్సింది, లివర్‌పూల్ ఎలాగో బతికిపోయింది. 83వ నిమిషంలో ఫ్రీకిక్, బాక్సులో గందరగోళం, బాబెల్ తలతో దించిన బంతిని ఓవెన్ తిరుగుతూనే లోపలికి కొట్టేశాడు. ఐదు నిమిషాల తరువాత ప్యాట్రిక్ బెర్గర్ తన సగం నుంచి పొడవాటి పాస్ వేశాడు. ఎడమపక్కన ఓవెన్, అతని వెంట లీ డిక్సన్, అడ్డం పడడానికి టోనీ ఆడమ్స్. ఇద్దరూ ముప్పై దాటినవాళ్లు, కాబట్టి ఓవెన్‌కు మిగిలిన వేగం చాలింది. కోణం బాగా ఇరుకు. కుడికాలికి మార్చుకోవాలంటే ఒక క్షణం పడుతుంది, ఆ క్షణంలో ఆడమ్స్ వచ్చేస్తాడు. ఎడమకాలితోనే, నేల మీదుగా, గోల్‌కీపర్ డేవిడ్ సీమన్‌ను దాటించి అవతలి మూలకు పంపాడు. మొదటి ఓవెన్ దగ్గర ఈ షాట్ ఉండేదా అంటే అనుమానమే.

ఆ సీజన్లో లివర్‌పూల్ లీగ్ కప్, ఎఫ్‌ఏ కప్, యూఈఎఫ్‌ఏ కప్ మూడూ గెలిచింది. సెప్టెంబరు 1న మ్యూనిక్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ 5-1తో గెలిచినప్పుడు ఓవెన్‌ది హ్యాట్రిక్. ఆలివర్ కాన్ లాంటి గోల్‌కీపర్‌కు సొంతగడ్డ మీద జరిగిన పరాభవం అది. ఏడాది చివర్లో బాలన్ డోర్ ఓటింగ్‌లో రవుల్ రెండో స్థానంలో, అదే కాన్ మూడో స్థానంలో నిలిచారు. 1979లో కెవిన్ కీగన్ తరువాత ఆ బహుమతి అందుకున్న ఇంగ్లిష్ ఆటగాడు ఓవెనే. అతని తరువాత ఇంకా ఎవరికీ రాలేదు.

మాడ్రిడ్ సంగతి త్వరగా తేల్చెయ్యొచ్చు. 2004 ఆగస్టులో రియల్ మాడ్రిడ్ 80 లక్షల పౌండ్లు, దానికి తోడు నూన్యెస్ అనే మిడ్‌ఫీల్డర్‌ను లివర్‌పూల్‌కు ఇచ్చేలా బేరం కుదిరింది. అక్కడ బ్రెజిల్ రొనాల్డో, రవుల్ ముందే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చాలాసార్లు బెంచ్ మీంచి లేచి వెళ్లి కూడా 36 లీగ్ మ్యాచ్‌ల్లో 13 గోల్స్ చేశాడు. బార్సిలోనా మీద 4-2తో గెలిచిన మ్యాచ్‌లో ఒకటి అతనిదే. దీన్ని ఫెయిల్యూర్ అనడం అన్యాయం. అతని దురదృష్టమల్లా, వదిలి వచ్చిన లివర్‌పూల్ ఆ సీజన్లోనే ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ గెలిచి కూర్చుంది. ఆ కప్పు ఓవెన్‌కు ఎన్నడూ దక్కలేదు. మనుషులు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుని మిగతాదంతా దీని చుట్టూ అల్లేశారు.

అసలు దెబ్బలు ఇంగ్లండ్ క్లబ్బు న్యూకాసిల్‌లో తగిలాయి. మరుసటి ఏడాది ప్రపంచకప్ ఉంది, బెంచ్ మీద కూర్చుంటే ఇంగ్లండ్ జట్టులో చోటుకు ఎసరు రావచ్చు. అందుకే 2005 ఆగస్టు చివర్లో వెనక్కి వచ్చాడు. న్యూకాసిల్ తన చరిత్రలోనే అంతవరకు ఎవరికీ పెట్టనంత ధర పెట్టింది. మొదటి 11 లీగ్ మ్యాచ్‌ల్లో 7 గోల్స్, అంటే లివర్‌పూల్ రోజుల కన్నా మెరుగు. డిసెంబరు 31న టోటెన్‌హామ్ మైదానంలో గోల్‌కీపర్‌తో గుద్దుకుని పాదం ఎముక విరిగింది. సీజన్ చాలావరకు పోయింది.

ప్రపంచకప్‌కు ఎలాగో సిద్ధమయ్యాడు. 2006 జూన్ 20, కొలోన్, స్వీడన్‌తో మ్యాచ్. ఇంకా మొదటి నిమిషమే. పక్కన ఎవరూ తాకలేదు, బంతిని పాస్ చేసి అడుగు వేశాడు, కుడి మోకాలు మెలిపడింది. లేవలేక, చేతులూ మోకాలూ ఆనించి పాకుతూ గీత దాటాడు. క్రౌచ్ లోపలికి వచ్చాడు. మోకాలి లోపల ముందువైపు లిగమెంట్ తెగినట్టు తేలింది. దాదాపు పది నెలలు ఆటకు దూరం. దేశం కోసం ఆడుతూ గాయపడితే జీతం మేమెందుకు భరించాలని న్యూకాసిల్ గొడవపెట్టుకుని ఫుట్‌బాల్ సంఘాలతో నష్టపరిహారం కోసం కొట్లాడింది. క్లబ్బు వైపు నుంచి చూస్తే అది తప్పు కూడా కాదు. నాలుగు సీజన్లలో 152 లీగ్ మ్యాచ్‌లు ఉంటే ఓవెన్ ఆడింది 71, కొట్టినవి 26. ఇప్పుడు మాత్రం సగటు కూడా పడిపోయింది, 0.37కి.

అదే న్యూకాసిల్‌లో ఒక సీజన్ పాటు అతని పక్కన ఆడినవాడు షియరర్. ఇతనికీ గాయాలు తక్కువేం కాదు. 22 ఏళ్లకే బ్లాక్‌బర్న్‌లో మోకాలి లిగమెంట్ తెగింది, 1997లో చీలమండ విరిగింది. అయినా 260 ప్రీమియర్ లీగ్ గోల్స్‌తో 2006లో రిటైరయ్యాడు. తేడా మనోబలంలో వెతకడం ఇంగ్లండ్ పత్రికలకు ఇష్టమైన పని. దేహంలో వెతికితే జవాబు ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. షియరర్ బలిష్ఠుడు. డిఫెండర్‌కు వీపు ఆనించి, మోచేతులతో చోటు చేసుకుని, గాల్లో లేచి తలతో కొట్టగలడు. వేగం తగ్గినప్పుడు ఆ పనులు ఎక్కువ చేశాడు. ఓవెన్ ఎత్తు 173 సెంటీమీటర్లు. వీపు ఆనించి నిలబడితే సెంటర్ బ్యాక్ అతన్ని పక్కకు జరిపేస్తాడు. అతని వృత్తి అంతా డిఫెండర్ వెనకున్న ఖాళీలోకి ఉరకడమే. అది తీసేస్తే మిగిలేది బాక్సులో కాచుక్కూర్చోవడం.

ఆ ఉరకడమే అతనికి భయమైంది. రిటైరయ్యాక 2018లో ఒక టీవీ కార్యక్రమంలో ఓవెన్ ఈ సంగతి దాచకుండా చెప్పాడు. చివరి ఆరేడేళ్లు పూర్తి వేగంతో ఖాళీలోకి పరిగెత్తాలంటే భయపడేవాణ్నని, కండరం పట్టేస్తుందని ముందే తెలిసిపోయేదని, అందుకే అలాంటి చోట్లకు వెళ్లకుండా తప్పించుకు తిరిగేవాణ్నని, ఎప్పుడు ఆట మానేద్దామా అని ఎదురుచూశానని. సెయింట్ ఎటియెన్ పరుగు గుర్తున్నవాళ్లకు ఆ మాటలు చివుక్కుమనిపిస్తాయి. బయటికి బద్ధకంలా కనిపించింది లోపల లెక్కాచారం. న్యూకాసిల్ స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకు ఇది తెలిసే అవకాశం లేదు. వాళ్లకు కనిపించింది భారీ జీతం తీసుకుంటూ పరిగెత్తని మనిషి, పైగా చెషైర్‌లో గుర్రపుశాల నడుపుతున్న మనిషి. గుర్రాల సంగతికొస్తే, అతను సొంతంగా పుట్టించి పెంచిన బ్రౌన్ పాంథర్ 2014లో ఐరిష్ సెయింట్ లెజర్ పందెం గెలిచింది, కాబట్టి ఆ పనిలోనూ దిట్టే. అతని తొడలను పాడుచేసింది మాత్రం గుర్రాలు కాదు.

ఇంగ్లండ్ జట్టులో కథ ఇంకా ముందే ముగిసింది. 1998, 2000, 2002, 2004 నాలుగు పెద్ద టోర్నీల్లోనూ వరసగా గోల్ చేసిన తొలి ఇంగ్లండ్ ఆటగాడు ఓవెన్. 2007 సెప్టెంబరులో రష్యా మీద రెండు కొట్టినప్పుడు లెక్క 40కి చేరింది. ఇంగ్లండ్ తరఫున అత్యధిక గోల్స్ కొట్టిన బాబీ చార్ల్‌టన్ రికార్డు అప్పటికి 49. అందుకోవడం ఖాయమనే అందరూ అనుకున్నారు. 2008 మార్చిలో ఫ్రాన్స్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మ్యాచే ఆఖరిది. 89 మ్యాచ్‌లు, 40 గోల్స్, వయసు 28. ఆ తరువాత పిలుపు రాలేదు.

2009 మేలో న్యూకాసిల్ రెండో డివిజన్‌కు పడిపోయింది. చివరి ఎనిమిది మ్యాచ్‌లకు మేనేజర్‌గా వచ్చిన షియరర్ కూడా కాపాడలేకపోయాడు. కాంట్రాక్టు అయిపోయిన ఓవెన్ కోసం అతని ఏజెంట్లు ముప్పైకి పైగా పేజీల రంగుల బ్రోచర్ అచ్చువేసి క్లబ్బులకు పంపారు. గాయాల మీద వచ్చిన మాటలు నిజం కాదని, మనిషి ఫిట్‌గా ఉన్నాడని చెప్పడానికి. బాలన్ డోర్ గెలిచినవాణ్ని ఇంటి స్థలం అమ్మినట్టు అమ్మాల్సి వచ్చిందని పత్రికలు బాగా నవ్వుకున్నాయి. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ నవ్వలేదు. ఫ్రీగా తీసుకుని, క్రిస్టియానో రొనాల్డో వదిలి వెళ్లిన 7వ నంబర్ జెర్సీ ఇచ్చాడు. ఫెర్గూసన్‌కు కావాల్సింది 38 మ్యాచ్‌లు ఆడేవాడు కాదు, అరగంటలో ఒక్క అవకాశం వస్తే వదలనివాడు.

సెప్టెంబరు 20న మాంచెస్టర్ సిటీతో డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్. 90వ నిమిషంలో బెల్లమీ గోల్‌తో స్కోరు 3-3. బోర్డు మీద అదనంగా నాలుగు నిమిషాలు చూపించారు, ఆట ఆరో నిమిషంలోకి జారింది. డిఫెండర్లంతా బంతి ఉన్నవైపు చూస్తున్నారు, ఎడమపక్కన ఓవెన్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడు, అంతే. గిగ్స్ పాస్ వచ్చింది. ఒక టచ్‌తో బంతిని అదుపు చేసుకుని, రెండో టచ్‌తో గోల్‌కీపర్ గివెన్‌ను దాటించాడు. 4-3. ఓల్డ్ ట్రాఫర్డ్ ఊగిపోయింది. ఆ గోల్‌కు కావాల్సిన హ్యామ్‌స్ట్రింగ్‌లు రెండే అయినా సరిపోతాయి.

డిసెంబరులో జర్మన్ క్లబ్బు వోల్ఫ్స్‌బర్గ్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. 2010 ఫిబ్రవరిలో ఆస్టన్ విల్లాతో లీగ్ కప్ ఫైనల్, 12వ నిమిషంలో స్కోరు సమం చేశాడు, హాఫ్‌టైమ్‌లోపే పరిగెత్తుతూ తొడ పట్టుకున్నాడు. సీజన్ అక్కడితో సరి. 2011లో లీగ్ పతకం మెడలో పడింది, లివర్‌పూల్‌లో ఎనిమిదేళ్లు ఆడినా రాని పతకం. యునైటెడ్‌కు మూడు సీజన్లలో 31 లీగ్ మ్యాచ్‌లు, 5 గోల్స్.

చివరి ఏడాది స్టోక్ సిటీ, 8 మ్యాచ్‌లు, అన్నీ బెంచ్ మీంచే. 2013 జనవరి 19న స్వాన్సీ మైదానంలో స్టోక్ 3-0తో వెనకబడి ఉంది. ఇంజురీ టైమ్‌లో బాక్సులోకి క్రాస్ వచ్చింది, ఓవెన్ తలతో నెట్టాడు. స్కోరు 3-1, పత్రికల భాషలో ఊరట గోల్. ప్రీమియర్ లీగ్‌లో అది అతని 150వది. ఆ తరువాత ఇంకొకటి కొట్టలేదు.